రోజువారీ పనికి బ్యాటరీ ఎక్కువసేపు వచ్చే ప్రాసెసర్ ఏది? 15 వాట్లు, 45 వాట్లు అంటే అసలు అర్థం ఏంటి?

ఛార్జర్_ఎక్కడ:

నా పనంతా బ్రౌజర్‌లోనే అండి. పాతిక ముప్పై ట్యాబులు, రెండు మూడు స్ప్రెడ్‌షీట్లు, మెయిల్, అప్పుడప్పుడు వీడియో మీటింగులు, అంతే. గేమ్స్ లేవు, ఎడిటింగ్ లేదు. ఇప్పుడున్నది ఇంటెల్ కోర్ ఐ7 12700హెచ్, 56 వాట్-అవర్ బ్యాటరీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది (ఎందుకు తీసుకున్నావని అడగకండి, ఆఫర్‌లో వచ్చింది). పెట్టె మీద పది గంటలని రాసుంది, నాకు మూడు గంటలు వస్తే గొప్ప. మీటింగ్ మొదలైందంటే ఫ్యాన్ హోరు, శాతం కళ్ళముందే దిగిపోతుంటుంది.

కొత్తది తీసుకుందామని చూస్తుంటే యూ సిరీస్ 15 వాట్లు, పీ సిరీస్ 28, హెచ్ సిరీస్ 45 అని చెబుతున్నారు. అంటే 15 వాట్లది తీసుకుంటే నాకు మూడింతలు బ్యాటరీ వస్తుందా? ఇంకో ఫ్రెండ్ అవన్నీ కాదు, నానోమీటర్లు ఎంత తక్కువుంటే అంత మంచిదంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి? విండోస్ అయితే సౌకర్యం, కానీ దాని మీద పట్టుదలేం లేదు.

వాట్_లెక్క:

మూడింతలు రాదు. ముందు ఒక చిన్న భాగహారం చేయండి, సగం తికమక అక్కడే తీరిపోతుంది. 56 వాట్-అవర్లు మూడు గంటల్లో అయిపోతున్నాయంటే మీ ల్యాప్‌టాప్ మొత్తం కలిపి సగటున 18, 19 వాట్లు లాగుతోంది. మీరు చెప్పిన పనికి అది చాలా ఎక్కువ. బాగా తయారుచేసిన ల్యాప్‌టాప్ తేలికపాటి పనిలో స్క్రీన్‌తో సహా 5, 6 వాట్లతో నెట్టుకొస్తుంది. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ చూడండి, బ్యాటరీ 49.9 వాట్-అవర్లే, వెబ్ వాడకానికి 15 గంటల వరకు వస్తుందని ఆపిల్ చెప్పింది. భాగిస్తే మొత్తానికి 3.3 వాట్లు! కంపెనీ లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా మీ 19కీ దానికీ పోలికే లేదు.

ఇక ఆ 45 సంగతి. అది ప్రాసెసర్ మీద ఆగకుండా బరువు పడినప్పుడు ఎంత కరెంటు తీసుకునేలా డిజైన్ చేశారో చెప్పే అంకె. మీరు స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి నింపి తర్వాతి దాని గురించి ఆలోచిస్తున్నప్పుడు ఏ ప్రాసెసర్ అయినా దాదాపు నిద్రలోనే ఉంటుంది, అక్కడ 15 లేదు, 45 లేదు. పైగా 15 అన్నది పరిమితి కూడా కాదు. 12వ తరం యూ సిరీస్ చిప్ కొద్దిసేపు 55 వాట్ల దాకా ఎగబాకగలదు, మీ 12700హెచ్ అయితే 115 దాకా. కాబట్టి చూడాల్సింది పని లేనప్పుడు ఎంత కిందకి దిగుతుంది, పని వచ్చి పోయాక ఎంత త్వరగా మళ్ళీ దిగుతుంది అన్నది. ఆ విషయం ప్రకటనల్లో ఉండదు, రివ్యూల్లో వెతుక్కోవాలి.

పైకి వెళ్ళడానికీ ఖరీదు ఉంది. చిప్ తినే పవర్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గం (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది) లెక్కన పెరుగుతుంది, చివరి కాస్త వేగం కావాలంటే వోల్టేజీ పెంచక తప్పదు. ఉదాహరణకి 0.8 వోల్టుల నుంచి 1.2కి తీసుకెళ్తే ఒక్క దాని వల్లే 2.25 రెట్లు అవుతుంది, వేగం పెరిగిన లెక్క దానికి అదనం. మీరు బరువైన పేజీ తెరిచిన ప్రతిసారీ ఒక కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) 4.7 గిగాహెర్ట్జ్‌కి ఎగరడం అందుకే బ్యాటరీకి తగులుతుంది.

నానోమీటర్ల గురించి ఒక్క మాట. ఒకప్పుడవి చిప్ లోపలి భాగాలు ఎంత చిన్నవో చెప్పేవి, ఇప్పుడవి కొలతలు కావు, తయారీ పద్ధతుల పేర్లు. మీ చిప్ చేసిన పద్ధతిని ఇంటెల్ 7 అంటున్నారు, 2021లో పేరు మార్చకముందు దాన్నే 10 నానోమీటర్లలో మెరుగైన రకంగా లెక్కపెట్టేవారు. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

మెల్లగా_చల్లగా:

పై లెక్కతో ఏకీభవిస్తాను గానీ నా అనుమానం ప్రాసెసర్ మీద కాదు, ఆ గ్రాఫిక్స్ కార్డు మీద. అది పడుకుంటే ఏ బాధా లేదు. పడుకోకుండా ఊరికే మేలుకుని ఉంటే చాలు, పనేమీ చేయకపోయినా కొన్ని వాట్లు అక్కడే పోతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు తీగ నేరుగా ఆ కార్డుకే కలిపి ఉంటుంది, బయట మానిటర్ తగిలిస్తే కార్డు ఇక నిద్రపోదు. మానిటర్ లేకపోయినా కొన్ని యాప్‌లు దాన్ని లేపుతాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అని వెళ్ళి బ్రౌజర్‌నీ మీటింగ్ యాప్‌నీ పవర్ సేవింగ్‌కి మార్చండి.

స్క్రీన్ కూడా చూడండి. రిఫ్రెష్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో) 120, 144 హెర్ట్జ్ ఉంటే బ్యాటరీ మీద 60కి దించండి, వెలుగు తగ్గించండి. చదువుకునే పనిలో చాలాసార్లు ప్రాసెసర్ కంటే స్క్రీనే ఎక్కువ తాగుతుంది. కొత్తది కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి, ఒకే మోడల్‌లో 4కే స్క్రీన్ రకం మామూలు రకం కంటే ముందే చేతులెత్తేస్తుంది.

మీటింగుల్లో మాత్రం మీ ఫిర్యాదు న్యాయమే. కెమెరా, మైకు, వీడియో ఎన్‌కోడింగ్, అవతలివాళ్ళ వీడియోల డీకోడింగ్, మళ్ళీ వెనక గోడ మసకగా కనపడాలని బ్లర్ ఒకటి, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ప్రాసెసర్‌కి పడుకునే సందే దొరకదు. బ్లర్ తీసేసి, గ్యాలరీలో అందరి మొహాలూ కాకుండా మాట్లాడేవాళ్ళ మొహం ఒక్కటే పెట్టి చూడండి, ఫ్యాన్ గొంతు తగ్గుతుంది. కొత్త చిప్‌లలో ఎన్‌పీయూ అని వేరే భాగం ఉంటుంది, బ్లర్ లాంటివి తక్కువ కరెంటుతో అది చేసిపెడుతుంది, యాప్ దాన్ని వాడుకునేలా రాసి ఉంటేనే అనుకోండి.

టర్బో_వద్దు:

ఇవన్నీ ఎందుకు బ్రో, పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టు, టర్బో (కాసేపు మామూలు వేగం దాటి ఎగరడం) ఆగిపోతుంది, ఫ్యాన్ కూడా నోరు మూసుకుంటుంది.

వాట్_లెక్క:

@టర్బో_వద్దు ఫ్యాన్ మాట నిజం. బ్యాటరీ మాట మాత్రం పనిని బట్టి ఉంటుంది. చిప్ నెమ్మదిగా పని చేస్తే అంతసేపూ మెమరీ, మిగతా సర్క్యూట్లు మేలుకునే ఉండాలి, వాటి ఖర్చు కూడా బ్యాటరీదే. త్వరగా పని ముగించి త్వరగా పడుకోవడమే లాభంగా తేలే సందర్భాలు చాలా ఉంటాయి. అలాగని చివరి మెట్టు దాకా ఎగరడమూ నష్టమే. లాభం మధ్యలో ఎక్కడో ఉంటుంది, విండోస్‌లో ఉన్న బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ మోడ్ దాదాపు ఆ పనే చేస్తుంది. 99 జోలికి వెళ్ళేముందు అది పెట్టి చూడటం మేలు.

చిప్‌ల_పిచ్చి:

కొత్తది కొనేదాని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. విండోస్‌లో మీ పనికి నా మొదటి ఓటు ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ సిరీస్‌కి, 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. మెమరీని చిప్ ప్యాకేజీ మీదే పెట్టేశారు, హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ చేత ఒకేసారి రెండు పనులు చేయించే పద్ధతి) తీసేశారు, నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, చిల్లర పనులన్నీ చిన్నవే చూసుకుంటాయి. పేరు చివర వీ ఉందో లేదో చూసి కొనండి సుమా. 255హెచ్, 255యూ కూడా కోర్ అల్ట్రా 200 కుటుంబం పేరే మోస్తాయి, లోపల ఉన్నది వేరే డిజైన్. వీ రకంలో 32 జీబీ మించి మెమరీ దొరకదు, తర్వాత పెంచుకోవడమూ కుదరదు.

ఏఎండీ వైపు వెళ్తే రైజెన్ 7000 పేర్లతో జాగ్రత్త. నాలుగు అంకెల్లో మూడోది చూడాలి, అసలు గుట్టు అక్కడుంటుంది. 7520యూలో 2 అంటే జెన్ 2 (జెన్ అన్నది ఏఎండీ కోర్ డిజైన్ పేరు, అంకె దాని తరం), 7530యూలో జెన్ 3, 7840యూలో జెన్ 4. మొదటి అంకె 7 చూసి అన్నీ ఒకటే తరం అనుకుంటే దెబ్బతింటారు.

క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలో బాగుంటాయి, పైగా ఛార్జర్ పీకేసినా వేగం పెద్దగా పడిపోదు. కానీ అది ఆర్మ్, అంటే ఇంటెల్, ఏఎండీల కంటే వేరే రకం చిప్, వాటికి రాసిన యాప్‌లు నేరుగా నడవవు. మామూలు యాప్‌లని విండోస్‌లోని ప్రిజమ్ అనే ఎమ్యులేటర్ (అనువాదకుడిలాంటిది) నడిపించేస్తుంది, డ్రైవర్లని మాత్రం నడపలేదు. పాత ప్రింటరో స్కానరో, ఆఫీసు వీపీఎన్నో ఉంటే ముందే కనుక్కోండి. మ్యాక్ పర్లేదంటే ఎం సిరీస్ ఎయిర్ ఏదైనా సరే, వీడియోలు ఎక్కువ చూస్తారంటే ఎం3 లేదా ఆ తర్వాతిది తీసుకోండి, ఏవీ1 అనే రకం వీడియోని హార్డ్‌వేర్‌లో విప్పగలిగేది అక్కడి నుంచే. హార్డ్‌వేర్ సాయం లేకపోతే ఆ పనంతా కోర్ల నెత్తిన పడుతుంది.

ఛార్జర్_ఎక్కడ:

అందరికీ థాంక్స్ అండి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీశాను. డిజైన్ కెపాసిటీ 56 కానీ ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 41 చూపిస్తోంది! గ్రాఫిక్స్ కార్డు కూడా నిజంగానే మేలుకుని ఉంది, కంపెనీ వాళ్ళు ముందే వేసిచ్చిన లైటింగ్ యాప్ ఒకటి దాన్ని లేపుతోంది. ఆ యాప్ తీసేశాక మెయిల్, స్ప్రెడ్‌షీట్ పనిలో తొమ్మిది పది వాట్ల దగ్గర తిరుగుతోంది. ఇప్పుడు కొత్తది కొనడం అవసరమా అనిపిస్తోంది. ఇంకో సందేహం, మూత వేసి బ్యాగులో పెడితే పొద్దునకి చాలా శాతం తగ్గి, వేడిగా ఉంటోంది. అదీ ప్రాసెసర్ వల్లేనా?

వాట్_లెక్క:

41 అయితే నా మొదటి భాగహారం మళ్ళీ చేయాలి, మీరు లాగుతున్నది 19 కాదు, 14కి దగ్గర. ఇప్పుడు తొమ్మిదిన్నర అనుకుంటే ఈ అరిగిన బ్యాటరీతోనే నాలుగు గంటల పైన వస్తుంది, బ్యాటరీ ఒక్కటి మారిస్తే ఆరు గంటలకి దగ్గర. మీటింగులు ఉన్న రోజు తగ్గుతుంది. రోజంతా ఛార్జర్ లేకుండా తిరగాలంటే మాత్రం చిప్‌ల_పిచ్చి గారి లిస్టులోకి వెళ్ళాల్సిందే. ఏదైనా సరే, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్ళయితే ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. వేడి, ఎప్పుడూ వందలో ఉండటం, ఈ రెండూ లిథియం బ్యాటరీని త్వరగా అరగదీస్తాయి.

మెల్లగా_చల్లగా:

బ్యాగు సంగతి మోడర్న్ స్టాండ్‌బై అండి. పాత రకం స్లీప్‌లో మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయేవి, దీనిలో ఫోన్‌లాగా మధ్యమధ్యలో లేచి మెయిల్, అప్‌డేట్లు చూసుకుంటుంది, ఏ డ్రైవరో సతాయిస్తే లేచింది లేచినట్టే ఉండిపోతుంది, బ్యాగులో గాలి ఆడక వేడెక్కుతుంది. పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్లీప్‌స్టడీ అని కొడితే ఎవరు లేపుతున్నారో రిపోర్ట్ వస్తుంది. అంత ఓపిక లేకపోతే మూత వేసినప్పుడు హైబర్నేట్ (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా పెట్టేయండి, తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది, అంతే.