మిరపకు, మొక్కజొన్నకు ఒకే నాజిల్ సరిపోతుందా?

ప్రశ్న (గుంటూరు): 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ ఉందండి. మిరపలో తామర పురుగుకు, మొక్కజొన్నలో కలుపు మందుకు ఒకే నాజిల్ వాడొచ్చా? ఎకరాకు ఎన్ని ట్యాంకులు?

జవాబు: వద్దండి. పురుగు మందుకు హాలో కోన్ (మధ్యలో ఖాళీగా, గుండ్రంగా చిమ్మే) నాజిల్ పెట్టండి. సన్నటి తుంపర ఆకు అడుగుకు, పూలలోకి చేరాలి, తామర పురుగు దాక్కునేది అక్కడే. కలుపు మందుకు ఫ్లాట్ ఫ్యాన్ (విసనకర్రలా పలచగా పరుచుకునేలా చిమ్మే) నాజిల్. చుక్క లావుగా ఉంటే పక్క చేలోకి కొట్టుకుపోవడం తగ్గుతుంది.

మరో జవాబు: ట్యాంకుల లెక్క మీ నడకను బట్టి మారుతుంది. 5 సెంట్లు కొలిచి, ఉత్త నీళ్లు మామూలు నడకతో కొట్టండి. ఖర్చయిన నీళ్లను 20తో గుణించండి. 10 లీటర్లు పడితే ఎకరాకు 200, అంటే పన్నెండున్నర ట్యాంకులు. ఎకరా మందును అన్ని ట్యాంకులకు సమంగా పంచండి. నీళ్లు తగ్గినా పెరిగినా ఎకరా మోతాదు మాత్రం మార్చకండి. ఏపుగా పెరిగిన మిరపకు నీళ్లు ఎక్కువే పడతాయి.

ఇంకో జవాబు: నిమిషానికి వచ్చే నీళ్లు కొత్త నాజిల్ కంటే 10 శాతం ఎక్కువైతే అది అరిగినట్టే, మార్చేయండి. పూడుకుంటే పిన్నుతో పొడవద్దు, రంధ్రం పాడై తుంపర ఒకవైపుకే పోతుంది. పాత టూత్‌బ్రష్ చాలు. నోటితో అసలు ఊదకండి.

ప్రశ్న అడిగినవారు: కలుపు మందు ట్యాంకు కడిగి మిరపకు వాడొచ్చా?

జవాబు: వేరే ట్యాంకు పెట్టుకోండి. పైపులో మిగిలిన కాస్త అట్రాజిన్ (మొక్కజొన్నలో కొట్టే కలుపు మందు) వల్ల కూడా మిరప మాడొచ్చు.