గంటల పట్టెడకు చేతికుట్టా, మిషన్ కుట్టా?

దర్శి గిత్తలు:
సంక్రాంతి బండలాగుడు పందేలకు మా గిత్తల జతకు మెడకు కట్టే కొత్త గంటల తోలు పట్టెడలు చేయించాలి. ఒంగోలులో ఒకాయన మిషన్ మీద రెండు రోజుల్లో ఇస్తానంటున్నాడు. మా పక్క ఊరి పెద్దాయన ఆరె (తోలుకు రంధ్రం పొడిచే పనిముట్టు) పట్టుకుని చేత్తోనే కుడతాడు. టైమూ ఎక్కువే, కూలీ ఎక్కువే. ఆ తేడా పెట్టొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కావలి తోలుపని:
పెట్టొచ్చు. పాతదంటే మోజుతో అనడం లేదు, కుట్టు పడే తీరు చూసి అంటున్నా. మిషన్‌లో పైదారం పైనే, బాబిన్ (కింద ఉండే చిన్న దారపు చుట్ట) దారం కిందే నడుస్తాయి. తోలు మందం మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకచోట పైదారం తెగిందంటే అటూ ఇటూ కుట్లు వదులై లేస్తాయి. చేతికుట్టుకు దారం ఒక్కటే, రెండు కొసలకు రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దాటతాయి. ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకునే ఉంటుంది. గుర్రపు జీన్లు చేసేవాళ్ళు బరువు పడేచోట ఇప్పటికీ ఈ కుట్టే నమ్ముతారు.

చీమకుర్తి బండ:
జీను మీద మనిషి కూర్చుంటాడు అన్నా, పట్టెడ మీద ఎవరు కూర్చుంటారు? బండ లాగే బలమంతా కాడి మీద, మెడ మీద. పట్టెడ మోసేది గంటల్ని. మా ఊరి గ్రానైటు రాయిని చూపించి పట్టెడకు రేటు పెంచితే ఎట్లా? మందపు తోలు కుట్టే మిషన్ మీద నైలాన్ దారంతో వేయించినవి మా వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నాయి.

కావలి తోలుపని:
బరువు సంగతి నువ్వన్నదే నిజం. కానీ పట్టెడ ఊడేది బరువుకు కాదు తమ్ముడూ, రాపిడికి. గిత్త గాటికి మెడ రుద్దుతుంది, గంట ఊగినప్పుడల్లా కుట్టును గీకుతుంది. పాత పట్టెడ ఏదైనా తీసి చూడు. బకిల్ దగ్గర తోలు మడత తిరిగేచోట, గంట తగిలించిన చోట ముందు దారం అరుగుతుంది. మేం కుట్టే ముందు తోలు మీద కుట్టు పొడుగునా సన్నగా గాడి తీస్తాం, దారం తోలు మట్టం కంటే కిందికి దిగుతుంది. గాడి లేకుండా పైపైన కుట్టేస్తే అది ఏ కుట్టయినా ఒకటే.

ఆత్మకూరు ఆరె:
మా తాత లంద (పచ్చితోళ్ళను పదునుచేసే చోటు) నడిపినవాడు, కాబట్టి ఒక మాట. ఇద్దరూ కుట్టు చుట్టూనే తిరుగుతున్నారు, అసలు తోలేమిటని అడగలేదు. క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతో పదునుచేసింది, మెత్తన, సాగుతుంది. సాగే తోలులో రంధ్రాలు కోలగా సాగిపోతాయి, ఇక చేత్తో కుట్టినా లాభం లేదు. తంగేడు చెక్కతో (బెరడుతో) ఊనిన, అంటే పదునుచేసిన, తోలు బిర్రుగా నిలుస్తుంది. ఆరె తీశాక రంధ్రం దారం చుట్టూ దగ్గరకు ముడుచుకుంటుంది. ఆ పట్టు మీదే కుట్టు ఆయుష్షు. అలాంటి తోలుకు ఇనప బకిల్ పెట్టొద్దు, చెమట తగిలితే చుట్టూ నల్లమచ్చ కడుతుంది. ఇత్తడిదే పెట్టించండి.

ఇంకోటి. చేతికుట్టు గొప్పదని రాసేవాళ్ళలో చాలామంది పనివాడి దగ్గరకొచ్చి మిషన్ రేటుకే ఇమ్మంటారు. రెండు మోకాళ్ళ మధ్య తోలు బిగించుకుని అంగుళానికి ఆరేసి కుట్లు వేస్తూ కూర్చుంటే వేలు కోసుకుపోతుంది, నడుం పట్టేస్తుంది. కొత్త కుర్రాళ్ళు ఎందుకు రావడం లేదో వేరే చెప్పాలా?

చీమకుర్తి బండ:
కూలి మాటకు నేను ఎదురు చెప్పను బాబాయ్. అయినా రైతు జేబు కూడా చూడాలి కదా. పొడుగునా మిషన్ వేయించి, ఊడే ఆ రెండు చోట్లా చేత్తో కుట్టిస్తే సరిపోదా?

కావలి తోలుపని:
నాకు నచ్చదు. మిషన్ కుట్టు ఎక్కడ ఆగితే అక్కడ్నుంచే విప్పుకోవడం మొదలెడుతుంది.

ఆత్మకూరు ఆరె:
అందుకే మిషన్ కుట్టు ఆగినచోట నాలుగు కుట్లు వెనక్కి వెళ్ళి, అవే రంధ్రాల్లోంచి చేతికుట్టు మొదలెట్టాలి. అట్లా చేస్తే నిలుస్తుంది, నేను చేసిచ్చాను. కావలి ఆయనకు నచ్చకపోవచ్చు, ఆయన పని శుభ్రం అట్లాంటిది. డబ్బు చాలినవాళ్ళు మొత్తం చేత్తోనే చేయించుకోండి, కాదనను.

దర్శి గిత్తలు:
మడతల దగ్గర చేతికుట్టు, మిగతా మిషన్. అదే చేయిస్తా. దారం ఏది చెప్పమంటారు?

ఆత్మకూరు ఆరె:
పాలిస్టర్. నారదారం చూడ్డానికి బాగుంటుంది గానీ మన ఉక్కపోతలో గిత్త చెమట తాగి కుళ్ళుతుంది. కుట్టే ముందు దారానికి తేనెమైనం రుద్దమనండి. మరీ బిగించి లాగొద్దనండి, ఆ దారం తెగదు, తోలునే కోస్తుంది. చేతికుట్టని చెప్పి మిషన్ పని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు, అందుకని మడత మూసేముందు మీరే దగ్గరుండి చూసుకోండి. కొలతకు గిత్తనే తోలుకెళ్ళండి. పట్టెడ గంగడోలును నొక్కకూడదు, రెండు వేళ్ళు సులువుగా దూరాలి.