హ్యాగిస్ పద్యానికి తెలుగు మాటలు: బోటీ, వెగటు, బారెడు

ప్రశ్న: స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1786లో హ్యాగిస్ అనే మాంసం వంటకం మీద స్కాట్స్ భాషలో రాసిన పద్యాన్ని, ఆయన పుట్టినరోజు జనవరి 25 విందులో తెలుగులో చదవాలి. మొదటి చిక్కు పేరుతోనే. 'హగ్గిస్' అని రాస్తే మనవాళ్లు పసిపిల్లల డైపర్ అనుకుంటున్నారు. రెండోది, లోపలి సరుకు. గొర్రె పొట్టలో గుండె, కార్జం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లి, కొవ్వు కూరి ఉడికిస్తారు కదా. 'జీర్ణాశయం', 'యకృత్తు' అని పెడితే ఆస్పత్రి రిపోర్టులా ఉంది. మూడోది, 'వార్మ్ రీకిన్' అన్న మాట. 'వెచ్చగా కంపు కొడుతూ' అని ఒక ముసాయిదాలో ఉంది. విందులో అలా చదవొచ్చా?

ఎడింబరో నుంచి: మూడోదానికి ముందు చెప్తానండీ, అది పెద్ద తప్పు. రీక్ అంటే దుర్వాసన అన్నది నేటి ఇంగ్లీషు అర్థం. స్కాట్స్‌లో రీక్ అంటే పొగ, ఆవిరి. పొయ్యిల పొగ వల్లే ఈ ఊరికి 'ఆల్డ్ రీకీ' అన్న ముద్దుపేరు వచ్చింది. తెలుగులో మనమూ ఆవిరిని పొగే అంటాం, అన్నం పొగలు కక్కుతోంది అంటాం. కాబట్టి 'పొగలు కక్కుతూ' అని రాయండి, మాటకు మాట సరిపోతుంది.

పేరుకు 'హ్యాగిస్' చాలు. బ్యాంకు, క్యాబు రాసినట్టే. ద్విత్వం తీసేస్తే డైపర్ గొడవ ఉండదు. 'పుడ్డిన్ రేస్' దగ్గర మాత్రం పుడ్డింగ్ అనకండి, మనకది తీపి వంటకం. ఆ కాలపు పుడ్డింగ్ అంటే పేగులోనో పొట్టలోనో కూరి ఉడికించినది. 'కూరిన వంటల కులానికి పెద్దదొర' అంటే వినేవాళ్లకు అందుతుంది.

వరంగల్ నుంచి: పద్యంలో పెయించ్, ట్రైప్, థెయిర్మ్ వరుసగా వస్తాయి. మూడూ వంటింటి మాటలే, మనకూ మూడున్నాయి: పొట్ట, బోటీ, పేగు. బర్న్స్ ఊరి భాషలో రాసినదాన్ని మనం గ్రంథాల భాషలోకి మార్చడం అన్యాయం. ఒక్క జాగ్రత్త. హిందీలో బోటీ అంటే ఉత్త మాంసం ముక్క, హిందీ అలవాటున్నవాళ్లు పొరబడతారు. తెలుగు శ్రోతలకు ఆ ఇబ్బంది లేదు. లివర్‌కు కార్జం సరే. అన్నీ కలిపి ఒక్క గుత్తిగా లాగి తీసేదాన్ని వాళ్లు 'ప్లక్' అంటారు. దానికి 'గుండె కార్జం గుత్తి' అని వివరంగా చెప్పడమే మేలు, కొత్త మాట పుట్టించక్కర్లేదు.

పక్కన పెట్టే 'నీప్స్'ని ముల్లంగి అనకండి. అది పసుపు గుజ్జుండే పెద్ద దుంప, స్వీడ్ అంటారు. తెల్ల ముల్లంగి ఉడికించి మెదిపితే నీళ్లు కారి కంచమంతా పారుతుంది.

న్యూజెర్సీ నుంచి: మీ విందు అమెరికాలో అయితే సరుకు గురించీ తెలుసుకోవాలి. పశువుల ఊపిరితిత్తుల్ని మనుషుల తిండికి అమ్మకూడదని ఇక్కడ 1971 నుంచి నిబంధన. అందుకే ఇక్కడి హ్యాగిస్ ఊపిరితిత్తులు లేనిదే. వాటి బదులు కార్జం పెంచితే చేదెక్కి, నోట్లో పిండిలా విడిపోతుంది. గొర్రె గుండెలు 2, కార్జం 250 గ్రాములు, భుజం మాంసం 250, మూత్రపిండాల దగ్గరి గట్టి కొవ్వు 100, స్టీల్‌కట్ ఓట్స్ 200, ఉల్లిపాయలు 2, మిరియాలు, జాజికాయ, ఉప్పు. మాంసం, కార్జం ముందే ఉడికించి సన్నగా తరగాలి. ఓట్స్ పొడి మూకుడులో వేయించాలి. రేకుల ఓట్స్ వాడితే జిగురు ముద్ద అవుతుంది; రవ్వలా పొడిపొడిగా ఉండాలి. మాంసం ఉడికిన నీళ్లు కొన్ని పోసి కలపాలి. పొట్టను సగానికి కాస్త మించి మాత్రమే నింపాలి, ఓట్స్ ఉబ్బుతాయి. గాలి నొక్కి తీసి కుట్టేసి, సన్న మంటమీద 3 గంటలు. ఉబ్బినప్పుడు సూదితో పొడవాలి, లేదంటే పగులుతుంది.

శాకాహారులకు 1984 నుంచి మాంసం లేని హ్యాగిస్ కూడా ఎడింబరోలో తయారవుతోంది. పప్పులు, రాజ్మా, ఓట్స్. దాన్నీ హ్యాగిస్ అనే పిలవాలని నా గట్టి అభిప్రాయం. పేరు ఓట్స్ రవ్వది, మిరియాల ఘాటుది, ఊపిరితిత్తులది కాదు.

వరంగల్ నుంచి: ఆ ఆఖరి మాట ఒప్పుకోనండీ. బోటీ లేని బోటీ కూరను బోటీ కూర అంటామా? 'మాంసం లేని' అని ముందు తగిలించండి, అప్పుడు సరే.

విశాఖ నుంచి: పద్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఫ్రెంచి వంటల్ని తిట్టే చరణం. అక్కడ 'స్టా' అనే క్రియ వస్తుంది, ఎక్కువై ఇక చాలనిపించడం. తెలుగులో 'మొహం మొత్తడం' ఉండగా వేరే వెతకొద్దు. పందికి కూడా మొహం మొత్తే వంటకం అని బర్న్స్ ఎగతాళి. ఆ వెంటనే 'స్కన్నర్', దానికి 'వెగటు'. అసహ్యం అంటే కంటికీ సరిపోతుంది, వెగటు నాలుకది. పరాయి దేశంలో హ్యాగిస్‌ని చూసి ముఖం చిట్లించేవాళ్లకు జవాబు ఆ చరణంలోనే ఉంది. వెగటు మాటను బర్న్స్ హ్యాగిస్ మీద వాడలేదు, ఫ్రెంచి తిండి మీద వాడాడు.

ఎడింబరో నుంచి: చదివే వ్యక్తికి ఒక సూచన. కత్తి తుడిచి, ఆ వెంటనే 'కోసెయ్' అన్న మాట దగ్గర పొట్టలో దించుతారు. తెలుగులో క్రియ వాక్యం చివరికి పోతుంది, కత్తి గాల్లోనే ఆగిపోతుంది. అందుకని 'కోసెయ్ ఒడుపుగా' అని క్రియను ముందుకు తెండి. వంటింట్లోనే చిన్న గాటు పెట్టి తేవాలి. ఆవిరి ఒత్తిడికి మొదటి పోటుకే చిమ్మి చొక్కాల మీద పడుతుంది, చేతులు కాలతాయి.

అతిథులు హ్యాగిస్ ఏ జంతువని అడిగితే స్కాట్లండ్ వాళ్లకో సరదా కథ ఉంది: ఒకవైపు కాళ్లు పొట్టిగా ఉండి కొండ చుట్టూ ఒకే దిక్కున తిరుగుతుందట. అందులో రెండు జాతులట. తెలుగులో ప్రదక్షిణ హ్యాగిస్, అప్రదక్షిణ హ్యాగిస్ అనండి, వివరించే పని లేకుండా పోతుంది.

గ్లాస్గో నుంచి: ఇక్కడి ఇండియన్ హోటళ్లలో హ్యాగిస్ పకోడా దొరుకుతుంది. తెలుగు మెనూలో దాన్ని పకోడీ అనకండి. ఉండ చేసి శనగపిండి జారులో ముంచి వేయిస్తారు గనుక అది బోండా. హ్యాగిస్ ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే ఉండలు చేయాలి. వెచ్చగా ఉంటే కొవ్వు కరిగి పిండి పొర చీలుతుంది, నూనెలో విడిపోతుంది.

అడిగినవారు: అందరికీ నమస్కారం. మొదటి చరణం ఇలా కుదిరింది:

సల్లంగుండు, నిండైన నికార్సు మొగమా,
కూరిన వంటల కులానికి పెద్దదొరా!
పొట్టా బోటీ పేగూ అన్నీ నీ కిందే,
నీకు చెల్లుతుంది మూరెడు ప్రార్థన.

వరంగల్ నుంచి: 'సల్లంగుండు' అద్భుతం, మూలంలోని దీవెన సరిగ్గా అదే. ఒక్కటి మార్చండి. బర్న్స్ అన్నది చేయంత పొడుగని. మూర మోచేతి దగ్గరే ఆగిపోతుంది, బారకు రెండు చేతులూ చాచాలి. కొలత ప్రకారం రెండూ సరిపోవు గానీ, పొడుగు ఎక్కువని చెప్పడానికి మనం బారెడే అంటాం. 'బారెడు ప్రార్థన' అనండి, చదువుతూ చేతులు చాచండి.