మలక్‌పేటా, మహాలక్ష్మా, మైసూరా? గోదావరి జిల్లాల నుంచి ఒక్క రేస్ కోర్సుకే వెళ్ళేట్టయితే

గోదారిగట్టు:
2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాద్ మలక్‌పేట అటు పోయాక ఆంధ్రాకు సొంత రేస్ కోర్సు లేదు. ఎక్కడికెళ్ళాలన్నా మనకు రాత్రి బండే గతి. ఏడాదికి ఒక్కసారే వీలైతే ఏ కోర్సుకు వెళ్ళాలి, ఎందుకు? ఎంత వచ్చింది, ఎంత పోయింది అనే లెక్కలు వద్దండి. గుర్రాన్ని దగ్గరగా చూడటం, రేసు మొత్తం కంటికి ఆనడం, పోయిరావడంలో తిప్పలు, ఈ మూడింటి మీద మాట్లాడండి. నా మట్టుకు మలక్‌పేటే. మొదటి రెండింటిలో ముంబయి మహాలక్ష్మికి తీసిపోదు, మూడోదాంట్లో పోటీయే లేదు.

ఫోటోఫినిష్:
పోటీ లేదంటే ఎలాగండీ! మహాలక్ష్మి 1883లో బురదనేల మీద కట్టిన కోర్సు, మెల్‌బోర్న్‌లోని కాల్‌ఫీల్డ్ నమూనాలో. 1943లో మొదలైన ఇండియన్ డెర్బీ జరిగేది అక్కడే: ఫిబ్రవరి మొదటి ఆదివారం, 2,400 మీటర్లు, నాలుగేళ్ళ గుర్రాలకు. దేశంలోని మంచి ట్రైనర్లంతా ఏడాది పొడవునా ఆ ఒక్క రోజు కోసమే గుర్రాన్ని తయారు చేస్తారు. పైగా అక్కడి మలుపులు విశాలం. ఇరుకు మలుపుల కోర్సులో బయటి గేటు (స్టార్టులో గుర్రం నిలబడే గడి) పడ్డ గుర్రం నాలుగైదు లెంగ్తులు, అంటే గుర్రం పొడవులు, ఊరికే పోగొట్టుకుంటుంది. మహాలక్ష్మిలో మంచి గుర్రం గేటు నంబరు వల్ల ఓడిపోవడం తక్కువ. ఒక్కసారే వెళ్ళేవాడు అలాంటి రేసు చూడాలి గానీ దగ్గరని మలక్‌పేట చూడటం ఏంటి?

పాలకొల్లు కాలవ:
మలుపు పెద్దదైనా చిన్నదైనా అర్ధవృత్తం అర్ధవృత్తమేనండీ. రైలింగుకు ఒక మీటరు బయటగా పరిగెత్తే గుర్రం ఒక పూర్తి మలుపులో 3.14 మీటర్లు ఎక్కువ పరిగెత్తుతుంది. గుర్రం పొడవు సుమారు 2.4 మీటర్లు కాబట్టి ఒక లెంగ్తు పైమాటే. నాలుగు మీటర్లు బయటుంటే పన్నెండున్నర మీటర్లు, అంటే ఐదు లెంగ్తులు. ఈ నష్టం మహాలక్ష్మిలోనూ మలక్‌పేటలోనూ ఒకటే, మలుపు వ్యాసార్థంతో దానికి పని లేదు. ఇరుకు మలుపులో తేడా ఎక్కడొస్తుందంటే, జాకీ వేగం తగ్గించకపోతే గుర్రం బయటికి కొట్టుకుపోతుంది. గేటు నంబరు దెబ్బ తగిలేది మాత్రం స్టార్టు నుంచి మొదటి మలుపు దాకా ఎంత దూరం ఉందన్నదాని మీద. ఆ దూరం ఎక్కువుంటే బయటి గుర్రానికి లోపలికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. తక్కువుంటే మలుపంతా బయటే తిరగాలి.

ఫోటోఫినిష్:
నేనన్నదీ వేగం గురించేనండీ. విశాలమైన మలుపులో వెనకున్న గుర్రం వేగం చంపుకోకుండానే ముందుకు జరగగలదు. ఇరుకు మలుపులో ముందున్నదాన్ని దాటాలంటే స్ట్రెయిట్ (చివరి తిన్నని దారి) దాకా ఆగాల్సిందే. అందుకే చిన్న కోర్సుల్లో ముందునుంచే లాక్కుపోయే గుర్రాలు ఎక్కువ గెలుస్తాయి. మీ లెక్క దాన్ని కాదనడం లేదు.

వశిష్ఠ:
దారి సంగతి చెప్తాను, ఇక్కడే చాలామంది తడబడతారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాళ్ళు సికింద్రాబాద్‌లో దిగక్కర్లేదు. లింగంపల్లి దాకా వెళ్ళి, ఆటోలో మియాపూర్ మెట్రో చేరితే అక్కణ్ణుంచి ఎరుపు లైను ఎక్కడా మారకుండా మలక్‌పేటకు తీసుకెళ్తుంది. సికింద్రాబాద్‌లోనే దిగితే సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో ఆకుపచ్చ లైను ఎక్కి ఎంజీబీఎస్‌లో మారండి, తర్వాతి స్టేషనే మలక్‌పేట. నీలం లైను ఎక్కి అమీర్‌పేటలో మారారంటే ఊరంతా చుట్టినట్టే. ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ కూడా మలక్‌పేటలో ఆగుతుంది, కాకపోతే బండ్లు తక్కువ.

ఇంకో ముఖ్యమైన సంగతి. క్లబ్బు గేట్లు తెరిచి ఉన్నంత మాత్రాన ఆ రోజు అక్కడ రేసులున్నట్టు కాదు. బెంగళూరులోనో ముంబయిలోనో జరిగే రేసుల్ని తెర మీద చూపించి పందేలు తీసుకునే రోజులు బోలెడు. టిక్కెట్టు కొని లోపలికెళ్తే టీవీలు, జనం, చింపేసిన కాగితాలు తప్ప ఒక్క గుర్రం ఉండదు. క్లబ్బు ప్రకటించే సీజన్ పట్టికలో "హైదరాబాద్" అని ఉన్న రోజే చూసుకుని బండి బుక్ చేయాలి.

ఉమ, రామచంద్రపురం:
ఇద్దరూ మైసూరును వదిలేశారు. చూడటానికి వెళ్ళేవాళ్ళకు దానికి మించింది లేదు. స్టాండ్స్‌లో కూర్చుంటే ఎదురుగా చాముండి కొండ, వానాకాలం కాబట్టి కొండ, ట్రాకు, మధ్య మైదానం అన్నీ పచ్చగా ఉంటాయి. సీజను ఆగస్టు నడిమి నుంచి అక్టోబర్ దాకా, చివర్లో మైసూర్ డెర్బీ. దసరాకు కలిసొస్తే ప్యాలెస్ దీపాలూ చూడొచ్చు. జనం తక్కువ, పాడాక్ (రేసుకు ముందు గుర్రాల్ని నడిపించి చూపే ఆవరణ) రైలింగు దగ్గర తోపులాట ఉండదు. కాకినాడ నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కణ్ణుంచి మైసూరు 140 కిలోమీటర్లు. కష్టమే, కాదనను. కానీ ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంట్లోవాళ్ళతో కూడా వెళ్ళేటట్టయితే రేసులు లేని రోజు కూడా అక్కడ వృథా పోదు. పిల్లలుంటే క్లబ్బువాళ్ళను ముందే అడగండి, అన్నిచోట్లా లోపలికి రానివ్వరు.

గోదారిగట్టు:
ఉమ గారూ, వానాకాలం కాబట్టే భయం. జోరువాన పడితే మైసూరులో గానీ పుణెలో గానీ మిగతా రేసులు మధ్యలోనే ఆపేస్తారు. మలుపులో ఒక గుర్రం జారితే చాలు, జాకీలు నేల బాగాలేదంటారు, రేసుల్ని పర్యవేక్షించే స్టీవార్డులు చూసి రద్దు చేస్తారు. రెండు రాత్రుల ప్రయాణం మూడు రేసులతో సరి.

పాలకొల్లు కాలవ:
వాన నేలను అర్థం చేసుకుంటే వానాకాలం రేసులే ఎక్కువ నేర్పుతాయండీ. పొద్దున్నే క్లబ్బులు పెనెట్రోమీటర్ (నేల మెత్తదనం కొలిచే సాధనం) రీడింగు ప్రకటిస్తాయి. అంకె పెరిగేకొద్దీ నేల మెత్తన. మొదటి రెండు మూడు రేసులు జాకీలు ఎటు నడిపిస్తున్నారో చూడండి. సీజను ముదిరేకొద్దీ లోపలి రైలింగు వెంట గడ్డి చితికి గుంటలు పడుతుంది. అప్పుడు స్ట్రెయిట్‌లోకి రాగానే అందరూ బయటికి లాగుతారు, లోపల మిగిలినవాడు దగ్గరి దారిలో ఉండి కూడా ఓడిపోతాడు.

దీనికి విరుగుడుగానే ఫాల్స్ రైల్ పెడతారు, అంటే అసలు రైలింగుకు కొన్ని మీటర్లు ఇవతల తాత్కాలిక రైలింగు. ఆరు మీటర్లు జరిపితే ఒక పూర్తి మలుపులో దాదాపు 19 మీటర్ల దూరం పెరుగుతుంది, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకను పైచిలుకు. పోయిన నెల టైము ఇంత, ఇవాళ ఇంత అని పోల్చేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. రేస్ కార్డులో రైలింగు ఎంత జరిపారో చూడకుండా టైములు నమ్మకండి.

లంకపొలం:
కోర్సు ఏదైనా కానీండి, సగం మంది పాడాక్‌కే పోరు. టోట్ (క్లబ్బు నడిపే పందెం కౌంటరు) దగ్గర క్యూ, టీ కొట్టు, మళ్ళీ క్యూ. రేసుకూ రేసుకూ మధ్య సుమారు అరగంట. మొదటి పది నిమిషాలు పాడాక్ రైలింగు దగ్గర నిలబడాలి. నడకలో వెనక డెక్క ముందు డెక్క పడ్డ జాడను దాటి పడాలి, దాటని గుర్రం బిగుసుకుపోయి ఉన్నట్టు. ఎండలో మెడ మీద చెమట మామూలే, వెనక కాళ్ళ మధ్య నురగ కడుతుంటే మాత్రం అది రేసుకు ముందే అలిసిపోతోంది. కొత్తగా పక్కచూపు లేకుండా కళ్ళకు బ్లింకర్లు కట్టారా, నాలుక కట్టారా అన్నది కార్డులో ఉంటుంది.

దుర్భిణీ 8 రెట్లది చాలు. పది దాటితే చెయ్యి వణికి అవతలి సైడు రంగులు కూడా పోల్చలేరు. పొట్టి రేసులు, అంటే 1,000, 1,200 మీటర్లవి, సాధారణంగా అవతలి సైడే మొదలవుతాయి. కంటితో చూసేవాడికి మొదటి అరనిమిషం చుక్కల పరుగే. అందుకే కొత్తవాళ్ళు 1,600 పైమాట రేసులున్న రోజు ఎంచుకోవాలి.

ఇంకోటి. రేసు అయిపోగానే ఓడిపోయామని టిక్కెట్టు చింపకండి. జాకీలు బరువు తూగి, అడ్డం వచ్చాడన్న ఫిర్యాదు ఉంటే స్టీవార్డులు విని, ఆల్ క్లియర్ ప్రకటించేదాకా ఫలితం ఖాయం కాదు. రెండోదిగా వచ్చిన గుర్రం మొదటిదైన సందర్భాలు తక్కువేం కావు.

కాజా_కాకినాడ:
అన్నీ బాగానే చెప్తున్నారు గానీ ఊటీని మరిచిపోయారే! ఎండాకాలంలో రేసులు, చలి, టాయ్ ట్రైను. ఏప్రిల్లో మనం ఉడికిపోతుంటే అంతకన్నా ఏం కావాలి?

వశిష్ఠ:
ఊటీ లేదండీ ఇక. లీజు బకాయిల గొడవలో తమిళనాడు ప్రభుత్వం 2024 జులైలో ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో చెన్నై గిండీ కోర్సుకు కూడా సీలు వేస్తే వ్యవహారం హైకోర్టుకెక్కింది. 1777 నాటి కోర్సు, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మనకు సుఖంగా వెళ్ళగలిగే ఊరు, అయినా ఆ ఏడాది పట్టిక కళ్ళతో చూడకుండా గిండీకి టిక్కెట్టు కొనకండి.

ఫోటోఫినిష్:
కోల్‌కతాకు ఒక్క ముక్క. మైదానంలోని కోర్సు, వెనకాల విక్టోరియా మెమోరియల్, చలికాలం మధ్యాహ్నం. రాజమండ్రిలో కోరమాండల్ ఎక్కితే చాలు. రేసుల స్థాయి ముంబయిది కాదు, అందం మాత్రం మైసూరుకు దీటు.

కాజా_కాకినాడ:
మరి పందెం మాటే వద్దంటే ఎలాగండీ, సంక్రాంతికి భీమవరం బరిలో నిలబడే మనమేనా!

పాలకొల్లు కాలవ:
కోడిపందేనికీ దీనికీ చట్టంలో తేడా ఉందండీ. గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిందని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది, కోడిపందేనికి ఆ గొడుగు లేదు. కాకపోతే కోర్సులో కాసేవాళ్ళు పన్ను లెక్క తెలుసుకుని వెళ్ళాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పందెం మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు 28. వంద కాస్తే పన్నుతో నూట నలభై చేతినుంచి పోయినట్టు లెక్కేయండి. రూపాయికి రూపాయి ధరున్న గుర్రం గెలిస్తే వచ్చేది రెండువందలు, లాభం వంద కాదు, అరవై. రూపాయికి నలభై పైసల లాభమిచ్చే ఫేవరెట్ (ఎక్కువమంది కాసిన గుర్రం) గెలిచినా మిగిలేది సున్నా, ముప్పై పైసలదైతే గెలిచి కూడా పది పోయినట్టు. పదివేలు దాటిన గెలుపులో 30 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పాన్ కార్డు దగ్గరుండాలి. అందుకే చెప్పేది, చూడటానికి వెళ్ళండి, ఏదో సరదాకు చిన్న మొత్తం విన్‌లో, అంటే ఒక గుర్రం గెలుస్తుందని కాసే పందెంలో, పెట్టుకోండి. జాక్‌పాట్ అంటే వరసగా ఐదు రేసుల విజేతల్ని చెప్పాలి, కొత్తవాళ్ళకు దాని జోలి వద్దు.

ఉమ, రామచంద్రపురం:
సరే, మలక్‌పేటకే అనుకుందాం. ఏ రోజు?

గోదారిగట్టు:
అక్టోబర్ 2, దక్కన్ డెర్బీ. వానాకాలం సీజనుకు అదే పెద్ద రోజు, మూడేళ్ళ గుర్రాలన్నీ అప్పటికి ఒక దారికొస్తాయి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి అక్టోబర్ 1 రాత్రి బండికి ఆగస్టు 2 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. దసరా దగ్గర పడితే తిరుగు ప్రయాణానిదే అసలు ఇబ్బంది, అదీ అప్పుడే చూసుకోండి. తుపాన్ల కాలం కూడా, పట్టాల మీదికి నీళ్ళొస్తే మన వైపు బండ్లే ముందు రద్దవుతాయి.

చలికాలంలో వీలైనవాళ్ళకు గోల్కొండ డెర్బీ, 2,400 మీటర్లు. భోగికి ముందు హైదరాబాద్ వైపు బండ్లు ఖాళీగా పోతాయి, తిరిగి రావడమే కుదరదు. కనుమ దాటాక అంతా తిరగబడుతుంది. తేదీ చూసుకుని దిగండి.

ఫోటోఫినిష్:
మలక్‌పేటలోనే ముంబయి గుర్రాల్ని చూసే దారి ఒకటుంది, గోదారిగట్టు గారు అది చెప్పలేదు. ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్ ఏటా ఒకచోట కాకుండా ఊళ్ళు మారుతూ జరుగుతుంది. దానితోపాటే 1,200 మీటర్ల స్ప్రింటర్స్ కప్, 1,600 మీటర్ల సూపర్ మైల్, 3,000 మీటర్ల స్టేయర్స్ కప్ కూడా. అన్ని కేంద్రాల మేటి గుర్రాలూ వస్తాయి. హైదరాబాద్ వంతు వచ్చిన ఏడాది నేనూ మలక్‌పేటకే ఓటేస్తాను. మిగతా ఏళ్ళు ముంబయికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్సే.