రూట్ కెనాల్ అయినా నొప్పి పోలేదు, పన్ను పీకించేయాలా?

కావలి కండక్టర్:
నేను ఆర్టీసీ కండక్టర్‌ని, కావలి–నెల్లూరు సర్వీసులో తిరుగుతుంటా. సంక్రాంతికి ముందు పైన ఎడమవైపు దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించా. వాపు లేదు, చీము లేదు, నొప్పి మాత్రం పోలా. పన్ను దగ్గర మొదలై బుగ్గ మీదుగా కంటి కింద దాకా రోజంతా సన్నటి మంట. తెల్లారి ఫస్ట్ ట్రిప్‌లో డోర్ దగ్గర చలిగాలి కొడితే ఆ వైపంతా జివ్వుమంటుంది. ఒక చేత్తో చెంపకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఇంకో చేత్తో టికెట్లు కొడుతున్నా. గడ్డం గీసుకోవాలంటే భయం. విచిత్రం ఏందంటే, నిద్రపట్టాక నొప్పికి లేచింది లేదు.

చేసిన డాక్టరు ఎక్స్‌రే తీసి "అంతా బాగుంది, మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నారు. యాంటీబయాటిక్‌లు వాడినా ఫలితం లేదు. నొప్పి బిళ్ళలతో కడుపులో మంట మొదలైంది. పీకించేయ్, పీడ పోద్ది అంటుండారు ఇంట్లో. నిజంగా పోతుందా? ఇలా పడినవాళ్ళుంటే చెప్పండి.

పొదిలి అమ్మాయి:
అన్నా, తొందరపడి పీకించొద్దు. మా అమ్మకు కింది దవడలో వచ్చింది. మావైపు ఫ్లోరైడ్ నీళ్ళు కదా, పళ్ళు ముందే గారపట్టి ఉంటాయి, అందుకని అందరూ పళ్ళనే అనుమానించారు. ఒకటి పీకారు, తగ్గలా. పక్కది పీకారు, అదీ అంతే. ముద్ద నోట్లో పెట్టుకోగానే కరెంట్ షాక్ కొట్టినట్టు వచ్చి క్షణాల్లో పోయేది. కంచం ముందు కూర్చుని ఏడ్చేది పాపం.

చివరికి ఒంగోలులో నరాల డాక్టరు ఎంఆర్ఐ తీయించి ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి వచ్చే నరం నొప్పి అన్నారు. కార్బమజెపైన్ మొదలుపెట్టాక తెరిపి వచ్చింది. ఆ మందుతో తల తిరుగుతుంది, రక్తంలో సోడియం పడిపోకుండా రక్తపరీక్షలు చేయిస్తుండాలి. మీది రోజంతా ఉండే నొప్పి కాబట్టి అదే జబ్బని నేననను. కానీ మీ నొప్పి మీ ఊహ మాత్రం కాదన్నా.

నెల్లూరు పళ్ళ డాక్టర్:
కండక్టర్ గారూ, నోరు చూడకుండా ఇదీ అని తేల్చలేను. అయితే పీకించడానికి ముందు తేలాల్సింది ఒక్కటే: నొప్పి పన్నుదా, నరానిదా?

క్యాప్ ఎత్తుగా ఉండి కింది పన్ను ముందుగా తగులుతోందేమో చూపించుకోండి. సన్న పగులు ఉన్నా ఇలాగే ఉంటుంది. పైన మొదటి దవడ పన్నుకు వేర్లు మూడే అయినా చాలామందిలో లోపలి కాలువలు నాలుగు. ఆ నాలుగోది సన్నగా ఉంటుంది, చికిత్సలో తప్పిపోతుంటుంది. మామూలు ఎక్స్‌రేలో వేర్లు ఒకదాని మీద ఒకటి పడి అది కనబడకపోవచ్చు. పన్నును అన్ని వైపులా 3డీలో చూపించే సీబీసీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ఆ వేర్ల పైనే సైనస్ (బుగ్గ ఎముకలో గాలి గది) ఉంటుంది, అదీ చూస్తారు.

ఇవేవీ కాకపోతే నరం. పన్ను లోపలి నరం తీసేసినా, దాన్ని మెదడుకు కలిపే పెద్ద నరం అలాగే ఉంటుంది. గాయం మానినా కొందరిలో అది నొప్పి కబుర్లు పంపుతూనే ఉంటుంది. గాలి తగిలితే రావడం, నిద్రలో లేకపోవడం చూస్తే నాకు ఆ అనుమానమే ఎక్కువ. అప్పుడు పీకితే ఆ నరానికి ఇంకో గాయం చేసినట్టే. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. రాత్రిపూట చిన్న డోసు అమిట్రిప్టిలిన్ గానీ, గాబాపెంటిన్ గానీ ఇస్తారు. డిప్రెషన్ మందని చదివి అమిట్రిప్టిలిన్ ఆపేసేవాళ్ళను చూశాను, దయచేసి అలా చేయకండి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. పొద్దున మగతగా ఉంటే డోసు, వేళ మార్చమని అడగండి.

కార్బమజెపైన్ మాత్రం షాపులో అడిగి కొనుక్కోవద్దు. అది వాడేవాళ్ళకు ఒంటి మీద దద్దుర్లొస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మీకు ముఖం వాచినా, జ్వరమొచ్చినా, నోరు తెరుచుకోకపోయినా ఆ రోజే వెళ్ళండి. నెల్లూరు డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి, ఇలాంటి నొప్పులు చూసేది వాళ్ళే.

కావలి కండక్టర్:
డాక్టర్ గారూ, ఆఫ్ రోజున పాత ఎక్స్‌రేలన్నీ తీసుకుని అక్కడికే వెళ్తా. పీకించే మాట ఇంట్లో ఆపించా. చెల్లీ, అమ్మ ఇప్పుడు అన్నం తింటున్నారా?

పొదిలి అమ్మాయి:
తింటోందన్నా. మాత్ర వేళ మాత్రం తప్పనివ్వం. స్కాన్‌లో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.