నంద్యాల ఇంటి వాకిలికి లేత రంగు బండలా, పాత నల్ల బండలా?

నల్లమల గాలి
అమ్మానాన్నలు ఉండేది నంద్యాల పక్కన పల్లెలో. వాకిలి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. 30 ఏళ్ళ కింద మా తాత పరిపించిన కడప నాపరాళ్ళే ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని కుంగినాయి, సందుల్లో గడ్డి లేస్తోంది. అన్నీ పెకలించి కొత్తవి వేయించాలని ఉంది. మేలో ఎండ 44 దాటితే నాన్న తులసికోట దాకా ఉత్త కాళ్ళతో పోలేకపోతున్నాడు. పోయిన ఎండాకాలం అరికాళ్ళు బొబ్బలెక్కినాయి. అందుకే లేత రంగు రాయి చూస్తున్నా. తాండూరు పసుపు, జైసల్మేర్ పసుపు, లేదా తెల్ల గ్రానైట్. పెరట్లో మొక్కల మధ్య దారికీ అదే వేద్దామని. నేను బెంగళూరులో ఉంటా, మాటిమాటికీ వచ్చి చూసుకోలేను. తెలిసినవాళ్ళు చెప్పండి.

సున్నపు గోడ
లేత రంగే వేయండి, రెండో ఆలోచన వద్దు. నల్లటిది ఎండను మింగి పెట్టుకుంటుంది, తెల్లటిది తిప్పికొడుతుంది. తిరుమల మాడవీధుల్లో భక్తుల కాళ్ళు కాలకుండా ఎండాకాలం తెల్లటి కూల్ పెయింట్ వేసేది ఇందుకే. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. ఒక్క జాగ్రత్త. బయట పాలిష్ బండ వద్దు, తడిస్తే జారుతుంది. తెల్ల గ్రానైట్ అని అమ్మేవాటిలో ఇనుము పాలు ఉంటే రెండు వానాకాలాలకు తుప్పు మరకలు తేలతాయి. కొనేముందు ముక్క తెచ్చుకుని నెల రోజులు తడిలో పెట్టి చూడండి.

ముద్దమందారం
వాకిలికి నల్ల బండే ఉంచండి. తెల్ల బండ మీద ముగ్గు కనపడదు.

సున్నపు గోడ
ముద్దమందారం గారూ, ఆయన అడిగింది కాళ్ళు కాలే సంగతి. ముగ్గు ఎక్కడినుంచి వచ్చింది? పైగా మీరు నల్ల బండ అంటున్నది ఎండకు వెలిసి నాలుగైదేళ్ళకే బూడిద రంగుకు తిరుగుతుంది. 30 ఏళ్ళ కడప బండ ఇంకా నల్లగా ఉంటుందా?

ముద్దమందారం
తడిస్తే మళ్ళీ నల్లబడుతుందండీ. ముగ్గు వేసేది కళ్ళాపి చల్లాకే కదా. సంక్రాంతి నెలంతా తెల్లారుజామున తడి బండ మీద ముగ్గురాయి పిండి పడితే ఎంత తేటగా ఉంటుందో వేసేవాళ్ళకు తెలుసు. పసుపు బండ మీద అదే పిండి వేసి చూడండి, చుక్కలు వెతుక్కోవాలి.

కొబ్బరి నీడ
మాది అమలాపురం దగ్గర. ఇక్కడ లేత రాయి పెడితే ఆషాఢం నుంచి కార్తీకం దాకా పాచే. ఉత్తరం వైపు దారి పచ్చగా అయిపోయింది. నంద్యాల ఎండకు ఆ బాధ ఉండదేమో.

బండల పని
అన్నా, నేను 18 ఏండ్ల సంది బండల పనే చేస్తున్న, మాది తాండూరు. రంగు సంగతి తర్వాత, ముందు రాయేందో తెలుసుకో. తాండూరు, కడప, బేతంచెర్ల, జైసల్మేర్, ఇవన్నీ సున్నపురాయే. పని అయినంక సిమెంటు మరకలు పోవాలని మేస్త్రి యాసిడ్ కొడతా అంటడు, కొట్టనియ్యకు. నురుగొచ్చి పైపొర పోతది, ఇగ దుమ్ము పట్టుడు షురూ. పైన పాలిష్ పట్టనిది, గరుకుగ ఉన్న బండ తీసుకో. 20 అడుగులకు 3 అంగుళాలన్న వాటం పెట్టించు. మీ బోరు నీళ్ళు ఉప్పగుంటే ఏ రంగు బండకైనా తెల్లగ ఉప్పు తేలుతది, లేత దాని మీద కనపడది, నల్ల దాని మీద కనపడతది. గంతే తేడా.

సున్నపు గోడ
ఇదీ పనికొచ్చే మాట. ఉప్పు లెక్కన చూసినా లేత రంగే నయం.

ముద్దమందారం
ఉప్పు కనపడదు సరే. ఎర్రమట్టి? ఆకు కుళ్ళిన మరక? టీ ఒలికితే? తాజ్‌మహల్ పాలరాయికే ముల్తానీ మట్టి పట్టు వేసి పసుపు వదిలిస్తున్నారు, మన వాకిలి ఎంత?

సున్నపు గోడ
తాజ్‌మహల్ మక్రానా పాలరాయి. ఇక్కడ ఎవరూ పాలరాయి వేయమనలేదు. ఎవరూ అనని మాటకు మీరు జవాబు చెబుతున్నారు. ముగ్గు కోసం ఒక పెద్దాయన కాళ్ళు కాల్చుకోవాలా? సూటిగా చెప్పండి.

ముద్దమందారం
సూటిగానే చెప్తా. గుంటూరులో మా అన్న ఇల్లు కట్టినప్పుడు ఇలాగే ముచ్చటపడి వాకిలంతా తెల్ల బండలు పరిపించాడు, అదీ పాలిష్‌వి. ఆయన ఉండేది వేరే ఊళ్ళో, వచ్చేది పండక్కి. మిగతా రోజులు అమ్మా నేనూ చీపురూ బ్రష్షూ పట్టుకుని మోకాళ్ళ మీద. వాన పడితే చెప్పుల మరకలు, పడకపోతే దుమ్ము. ఒక శ్రావణ శుక్రవారం అమ్మ తడి బండ మీద జారి మణికట్టు విరిగింది. ఆ చేత్తో ఆవిడ మళ్ళీ చుక్క పెట్టలేదు. రాయి ఎన్నుకునేది ఒకరు, తోమేది ఒకరు. ఈ చర్చలో నల్లమల గాలి గారి అమ్మగారిని ఎవరైనా అడిగారా?

సున్నపు గోడ
మీ అమ్మగారికి అలా జరగడం బాధగా ఉందండీ. అయితే ఆవిడ పడింది పాలిష్ వల్ల, రంగు వల్ల కాదు. నేను పాలిష్ వద్దని మొదటి మాటలోనే చెప్పాను. మీ ఇంటి కోపం తెచ్చి ఇంకొకరి వాకిట్లో పెట్టకండి.

ముద్దమందారం
కోపమే. ఇంకో మాట అడుగుతా, నల్లమల గాలి గారే చెప్పాలి. ఆ నల్ల బండలు 30 ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. మీ నాన్నగారు 30 ఏళ్ళుగా ఆ తులసికోటకు నడుస్తూనే ఉన్నారు. బొబ్బలు పోయిన ఏడే ఎందుకు వచ్చాయి?

కొబ్బరి నీడ
మంచి ప్రశ్న.

నల్లమల గాలి
వాకిట్లో వేపచెట్టు ఉండేది. కారు లోపలికి రావాలని రెండేళ్ళ కింద గేటు వెడల్పు చేయించినప్పుడు కొట్టించినాం. కొట్టించినా, నేనే. అమ్మ వద్దనింది.

ముద్దమందారం
అదీ. రాయిదేం లేదు, నీడ పోయింది. నీడలో ఉన్న నల్ల బండ మీద మిట్ట మధ్యాహ్నం కూడా చాప వేసుకుని పడుకునేవాళ్ళం మేం.

సున్నపు గోడ
నీడ ముఖ్యమని నేనూ ఒప్పుకుంటా. కానీ వేప పెరిగి వాకిలికి నీడ పట్టాలంటే ఐదారేళ్ళు. ఆయన నాన్నగారికి వచ్చే మే నెలలో కాళ్ళు కాలకూడదు. లేత బండ వచ్చే మే నెలకు పనికొస్తుంది, మొక్క పనికిరాదు.

బండల పని
సార్ చెప్పింది నిజమే, గని ఒకటి మర్చిపోయిండు. నడి వాకిట్ల లేత బండ ఏస్తే ఎండ తిప్పికొట్టి ఇంట్లకు కొడతది. హాలు కిటికీ వాకిట్లకే ఉంటే మధ్యాహ్నం కండ్లు తెరవలేరు. నేను చేసిన ఒక ఇంట్ల ముసలామె పొద్దంత తెరలేసుకుని కూసునేది.

ముద్దమందారం
చెట్టు పెరిగేదాకా చలువ పందిరి వేయించండి. తాటాకులతో మన ఊళ్ళల్లో ప్రతి వేసవికీ వేసేదే కదా. బండలు పెకలించే కూలి ఖర్చులో పందిరి లేస్తుంది.

నల్లమల గాలి
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసినా. రాయి గురించి అడిగితే "నీ ఇష్టంరా" అనింది. రెండుసార్లు అడిగినాక చెప్పింది. గేటు దగ్గర నల్ల బండలు కదపొద్దంట, తాత దగ్గరుండి సరిచేయించినవంట. కుంగినవి లేపి ఇసుక పోసి మళ్ళీ కూర్చోబెట్టమంటోంది. తులసికోట దాకా మాత్రం నాన్న కోసం ఏదైనా లేత బండ వరుస వేయమనింది. చెట్టు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయినా.

బండల పని అన్నా, ఒక సాయం. కారు బయట పెట్టుకుంటా. పాత చోటనే వేప నాటాలంటే ఎంత జాగా వదలాలి?

బండల పని
4 అడుగుల చదరం మట్టి వదులు, బండ పెట్టకు. చుట్టు బండలు సిమెంటుల కాదు, ఇసుక మీద పరిపించు. రేపు వేరు లేపితే తీసి సర్దుకోవచ్చు. తులసికోట దారికి బేతంచెర్ల లేత రంగు గరుకు బండ సరిపోతది, మీకు దగ్గర, కిరాయి కలిసొస్తది.

సున్నపు గోడ
ఆ వరుస 3 అడుగుల వెడల్పు ఉండాలి. రేపు నాన్నగారిని ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చినా ఇద్దరికీ లేత బండే కాలికింద పడాలి.