కతోలిక పరిశోధనా విశ్వవిద్యాలయానికి మేమిచ్చే విరాళం ఏ పనికి ముందుగా వెళ్లాలి?

ప్రశ్న: జ్ఞానాపురం వాసి

నేను వాషింగ్టన్‌లోని కేథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో చరిత్రలో పీహెచ్‌డీ చేసి, విశాఖపట్నం తిరిగి వచ్చి ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. అక్కడ చదువుకుని ఉత్తరాంధ్రలో స్థిరపడిన ఐదుగురం తలా 5 లక్షల రూపాయలు వేసుకుని మొత్తం 25 లక్షలు ఆ విశ్వవిద్యాలయానికి పంపాలనుకుంటున్నాము. ఇవ్వడంలో మాకు భేదాభిప్రాయం లేదు. దేనికి వాడమని రాసివ్వాలో తేలక ఆగిపోయాము. ఒకరు డిగ్రీ విద్యార్థుల ఫీజుల సాయానికి అంటున్నారు, ఒకరు దేవాలయ (చర్చి) సేవలకు అంటున్నారు, ఇద్దరు మా ఊరి పేరుతో శాశ్వత నిధి పెడదామంటున్నారు. నాకు మాత్రం పీహెచ్‌డీ విద్యార్థులే ముందు అనిపిస్తోంది. 1887లో అమెరికా మేత్రాణులు (బిషప్పులు) స్థాపించిన ఈ సంస్థ, 1900లో అక్కడి పరిశోధనా విశ్వవిద్యాలయాల సంఘాన్ని ఏర్పరచిన 14 విశ్వవిద్యాలయాల్లో ఒకటి. 2002లో ఆ సంఘం నుంచి వైదొలిగింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఏటా అమెరికా విచారణల్లో, అంటే స్థానిక చర్చిల్లో, ఈ విశ్వవిద్యాలయం కోసం ప్రత్యేకంగా కానుక పడతారు. నేను దివ్యబలిపూజకు వెళ్లే దేవాలయంలో ఒక పెద్దావిడ కవరును రెండు మడతలు పెట్టి, బుట్టలో వేశాక కూడా ఒక క్షణం దాని మీద చెయ్యి ఉంచేవారు. అలాంటి డబ్బుతో చదువుకున్నాను కనుక, మేము పంపేది కూడా వృథా కాకూడదని అడుగుతున్నాను.

జవాబు: వాల్తేరు విశ్రాంత ఆచార్యుడు

అమ్మా, మీ ఆలోచన సరైనదే. భవనానికి దాతలు తేలికగా దొరుకుతారు, ఎందుకంటే గోడకు శిలాఫలకం ఉంటుంది. లోపల పనిచేసే మనిషి నెల ఖర్చుకు దొరకడం కష్టం. నేను చూసిన ఒక కళాశాలలో దాతలిచ్చిన పరికరాన్ని రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. మూడో ఏడు మరమ్మతుకు డబ్బు లేక దాని మీద దుప్పటి కప్పేశారు. ఆ దుప్పటి మీద పేరుకున్న దుమ్ము నాకింకా గుర్తుంది.

మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే చూడండి. 1926లో ఏర్పడిన ఆ సంస్థకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇస్తూ వచ్చారు. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు ఉన్నది అందుకే. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోకుండా ఏటా అందిన డబ్బు కాబట్టే ప్రయోగశాలలు నిలదొక్కుకున్నాయని నా నమ్మకం.

అయితే శాశ్వత నిధి విషయంలో మీ మిత్రులతో నేను ఏకీభవించను. అమెరికా విశ్వవిద్యాలయాలు అలాంటి నిధి అసలును ముట్టుకోకుండా సాధారణంగా ఏడాదికి 4 నుంచి 5 శాతం మాత్రమే ఖర్చు పెడతాయి. నాలుగున్నర శాతం అనుకుంటే మీ 25 లక్షల మీద ఏటా వచ్చేది 1,12,500 రూపాయలు. ఒక విద్యార్థి దూరప్రాంతంలోని పత్రాగారానికి ఒకసారి వెళ్లి రావడానికే అది బొటాబొటీగా సరిపోతుంది. అదే సొమ్మును ఐదేళ్లలో ఖర్చు చేయమని రాస్తే ఏడాదికి 5 లక్షలు అవుతుంది. సిద్ధాంత వ్యాసం చివరి ఏడాదిలో వేతనం ఆగిపోయి, వేరే పని వెతుక్కుంటూ రాయడం మానేసే పిల్లలను నేను చూశాను. ఆ చివరి ఏడాదికే మీ డబ్బు కేటాయించమని రాయండి.

జవాబు: ద్వారకానగర్ ఆడిటర్

డబ్బు పంపే పద్ధతి గురించి మాత్రమే చెబుతాను. భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశీ సంస్థకు విరాళాన్ని రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద పంపవచ్చు. ఏడాది పరిమితి 2,50,000 డాలర్లు. 2025 ఏప్రిల్ నుంచి, ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీదే బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. కాబట్టి ఐదుగురి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి పంపకండి. అలా చేస్తే 15 లక్షల మీద 20 శాతం, అంటే 3 లక్షలు ముందే కోత పడి, రిటర్నులో సర్దుబాటయ్యే వరకు ఆగాలి. ఎవరి పాన్ మీద వారే పంపండి. ఈ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు.

జవాబు: మహారాణిపేట సిస్టర్

ఆచార్యుల వారి లెక్కను కాదనను. కానీ పరిశోధక విద్యార్థి అంటే ఏ పరిశోధక విద్యార్థి అన్నది కూడా రాయాలి. 1990లో రెండవ జాన్‌పాల్ జగద్గురువులు (పోపు) కతోలిక విశ్వవిద్యాలయాల గురించి వెలువరించిన ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’ అనే పత్రంలో కతోలిక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు నాలుగు అంశాలు అవసరమన్నారు: జ్ఞానాన్ని ఒక్కటిగా కూర్చే ప్రయత్నం, విశ్వాసానికీ హేతువుకూ మధ్య సంభాషణ, నైతిక చింతన, వేదాంత (క్రైస్తవ దైవశాస్త్ర) దృక్పథం. ఇంజనీరింగుకూ వైద్యానికీ ప్రభుత్వ గ్రాంటులు, పరిశ్రమల డబ్బు వచ్చే అవకాశం ఉంది. తత్వశాస్త్రానికీ, వేదాంతానికీ, క్రైస్తవ సంఘ చరిత్రకూ ఆ దారి ఇరుకు. అందువల్ల అక్కడే దాత అవసరం ఎక్కువ. డిగ్రీ పిల్లల ఫీజు సాయాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. పేద కుటుంబాల పిల్లలు లేని కతోలిక విద్యాలయం తన పేరుకు తగదు. అయితే 25 లక్షలను రెండు మూడు పద్దులకు పంచితే ఎక్కడా ఆనవాలు మిగలదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

మాస్టారికీ, సిస్టర్ గారికీ, ఆడిటర్ గారికీ ధన్యవాదాలు. నిన్న మేము ఐదుగురం మళ్లీ కూర్చున్నాము. శాశ్వత నిధి ఆలోచన విరమించాము. చరిత్ర, తత్వశాస్త్రం, వేదాంత విభాగాల్లో చివరి ఏడాదిలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులకు ఐదేళ్లపాటు ఏటా 5 లక్షలు అందేలా రాయాలనుకుంటున్నాము. దేవాలయ సేవల కోసం అడిగిన మిత్రుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన తన వాటాను విడిగా పంపుకోవచ్చా, లేక ఒకే ఒప్పంద పత్రంలో రెండు ప్రయోజనాలు రాయించుకోవచ్చా అని విశ్వవిద్యాలయానికి ఈ రాత్రి ఉత్తరం రాస్తున్నాను.